నేటి అవసరాన్ని దేవునికి అప్పగించడం ఎలా: ముప్ఫై రోజుల పద్ధతి

"అక్కా, దేవుని మీద ఆధారపడమని ప్రతి ఆదివారం వింటున్నాం. సోమవారం తెల్లవారితే స్కూలు ఫీజు, గ్యాస్, డ్వాక్రా కంతు. ఆధారపడడం అంటే అసలు ఏం చేయాలి?"

గుంతకల్లు, గుత్తి, ఉరవకొండ వైపు స్త్రీల కూడికలకు వెళ్ళినప్పుడల్లా ఇదే ప్రశ్న. ఫోన్ చేసేవాళ్ళూ ఇదే అడుగుతారు. జూన్ నెలలో అయితే మరీ ఎక్కువ. జూన్ అంటే మన అనంతపురం జిల్లాలో తెలిసిందే కదా. బడులు తెరుస్తారు, పదును అయితే శనక్కాయ విత్తనం వేయాలి, రెండు ఖర్చులూ పదిహేను రోజుల్లోనే మీద పడతాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, మా ఇంట్లో చేస్తున్నదీ ఇతరులతో చేయించినదీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది వాక్య వివరణ కాదు. మత్తయి 6వ అధ్యాయం 25 నుంచి 34 వరకు ఒకసారి చదివి రండి, అది చాలు. నేను చెప్పేదంతా పరలోక ప్రార్థనలోని ఒక్క మాట మీద నిలబడుతుంది: "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." అందులో "నేడు" అనే మాటను మనం గబగబా దాటేస్తాం. పెదవులతో నేటికి అడిగి, మనసులో వచ్చే పదేళ్ళకు దిగులు పడతాం. ఈ పద్ధతి అంతా ఆ "నేడు" దగ్గర ఆగడం నేర్చుకోవడానికే.

కావలసినవి

- వంద పేజీల నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లోనూ రాసుకోవచ్చు, కానీ ఇంట్లో అందరూ తిరగేసి చూడగలిగేది పుస్తకమే.
- బైబిలు.
- పొద్దున పదిహేను నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు.
- మూత ఉన్న ఒక ఖాళీ డబ్బా.
- మాట దాచగల ఒక విశ్వాసి. ఒక్కరు చాలు.

భార్యాభర్తలు ఇద్దరూ కలిసి కూర్చుంటే మంచిది. మీ ఆయన ప్రార్థనకు రాని మనిషి అయితే బలవంతం చేయకండి. పుస్తకం మాత్రం ఆయనకు కనబడేలా పెట్టండి. డబ్బు లెక్క ఉన్న పుస్తకం దాచిపెడితే ఇంట్లో అనుమానం పుడుతుంది.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు. ఇంట్లో బీపీ, షుగర్, మూర్ఛ మాత్రలు వాడేవాళ్ళు ఉంటే, విశ్వాసం పేరు చెప్పి ఒక్క పూట కూడా ఆపకండి. రెండోది, అప్పుల టెన్షన్‌తో చచ్చిపోవాలనే ఆలోచన మీకు గానీ, ఇంట్లో ఇంకెవరికైనా గానీ వస్తోందని అనిపిస్తే పుస్తకం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు ఇంట్లో ఉంటే తీసి వేరేచోట పెట్టండి. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు అతన్ని నిద్రపోనిచ్చాడు, రొట్టె తినిపించాడు, నీళ్ళు తాగించాడు. మాటలు ఆ తర్వాతే.

1. నేటికీ రేపటికీ మధ్య గీత గీయండి

మొదటి పేజీని మూడు గళ్ళు చేయండి: ఈ రోజు, ఈ నెల, ఎప్పుడో. మనసులో తిరుగుతున్న అవసరాలన్నీ ఆ గళ్ళలో వేయండి. "ఈ రోజు" అంటే పొద్దు కుంకేలోపు తీరకపోతే ఇబ్బంది అయ్యేవి మాత్రమే.

మొదటి రోజు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. అన్నీ "ఈ రోజు" గడిలోనే రాస్తారు. ఒక చెల్లెలు పదకొండు రాసింది. ఒక్కొక్కటీ చదివి "ఇది ఈ రాత్రికి తీరకపోతే ఏమవుతుంది?" అని అడిగాను. చివరికి మిగిలినవి రెండు: పాపకు దగ్గు మందు, రాత్రికి కూర. బిడ్డ పెళ్ళి కూడా ఆ పదకొండులో ఉంది, ఆ బిడ్డ ఎనిమిదో తరగతి చదువుతోంది.

మరి నెలాఖరుకు కట్టాల్సిన ఫీజును పట్టించుకోకూడదా? పట్టించుకోవాలి. అయితే ఇలా అడగండి: "రేపటి అవసరంలో నేటి వాటా ఎంత?" 30వ తేదీకి 6,000 కట్టాలి అనుకోండి. ఈ రోజు మీ దగ్గర 6,000 లేవు, ఈ రోజు అవసరమూ లేదు. ఈ రోజు వాటా ఏమిటంటే బడికి వెళ్ళి రెండు కంతుల్లో కట్టుకోవచ్చా అని అడగడం. అంతే. ఆ ఒక్క పనిని "ఈ రోజు" గడిలోకి తెచ్చుకోండి, మిగతా 6,000ను "ఈ నెల" గడిలోనే ఉండనివ్వండి.

నిర్గమకాండము 16లో మన్నా లెక్క ఇదే. మన్నా అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి ఇచ్చిన ఆహారం. రోజుకు మనిషికి ఒక ఓమెరు కొలత. మరునాటికి దాచుకున్నది పురుగుపట్టి కంపు కొట్టింది. నలభై ఏళ్ళు దేవుడు ఆ జనాన్ని ఒక్కో రోజు కొలతతో పెంచాడు. ముప్ఫై రోజుల్లో మనకు కొంతైనా అలవాటు కాదా?

2. అడిగే ముందు ఇంట్లో ఏముందో చూడండి

2 రాజులు 4వ అధ్యాయంలో అప్పులవాడు కొడుకులను పట్టుకుపోతాడని ఒక విధవరాలు ఎలీషా దగ్గర మొరపెట్టింది. ఆయన వెంటనే అడిగింది, నీ ఇంట్లో ఏముంది అని. ఆమె ఏమీ లేదనే మొదలుపెట్టి, చివర్లో నూనె కుండ ఒకటి ఉందని చెప్పింది. అద్భుతం ఆ కుండలోనే జరిగింది.

కాబట్టి లేచి వంటింట్లోకి వెళ్ళండి. బియ్యం ఎన్ని కేజీలు, రాగిపిండి ఎంత, కందిపప్పు ఎంత అని కొలిచి రాయండి. తర్వాత మీకు రావాల్సిన బాకీలు: కుట్టుకూలి, పాల డబ్బు, చేబదులు. తర్వాత మీ చేతిలో ఉన్న కాగితాలు: రేషన్ కార్డు, ఉపాధి జాబ్ కార్డు, పెన్షన్, పొదుపు సంఘం పాస్‌బుక్. చివరగా మీకు చేతనైన పని.

"ఏమీ లేదక్కా" అన్న ఇళ్ళలో కొలిచి చూస్తే చాలాసార్లు వారం రోజుల సంగటికి సరిపడా పిండి ఉంటుంది. మా ఇంట్లోనే ఒకసారి కుట్టుకూలి బాకీలు కూడితే 640 రూపాయలు తేలాయి. అడగడానికి మొహమాటపడి నేనే వదిలేశాను, మళ్ళీ రాత్రంతా డబ్బు కోసం ప్రార్థన చేశాను. నిజంగానే డబ్బాలన్నీ ఖాళీగా ఉంటే ఇక్కడ ఆగకండి, నేరుగా 5వ మెట్టుకు వెళ్ళండి. ఆకలితో ఉన్నవాళ్ళు వరుసగా అన్ని మెట్లూ ఎక్కాల్సిన పని లేదు.

3. అంకెతో, తేదీతో అడగండి

"ప్రభువా, మమ్మల్ని ఆశీర్వదించు" అనేది మంచి ప్రార్థనే. కానీ జవాబు వచ్చిందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. తెలియకపోతే కృతజ్ఞత చెప్పలేరు, కృతజ్ఞత లేకపోతే నమ్మకం పెరగదు. అందుకే ఇలా రాయండి:

తేదీ: జులై 8
అవసరం: నాయనకు బీపీ మాత్రలు
ఎంత: 180 రూపాయలు
ఎప్పటికి: రేపు రాత్రికి (ఇంకా రెండు మాత్రలు ఉన్నాయి)
నా వాటా: మిషన్ మీద ఉన్న రెండు జాకెట్లు ఈ రోజు పూర్తి చేసి ఇవ్వడం
ఎలా తీరింది: (ఖాళీగా వదలండి)

రాసిన తర్వాత ఆ పేజీ మీద చేయి పెట్టి, రాసింది రాసినట్టే దేవునికి చదివి వినిపించండి. గొప్ప మాటలు వెతకొద్దు. గొంతు పెంచాల్సిన పని కూడా లేదు. మీకేం కావాలో మీరు అడగకముందే తండ్రికి తెలుసని మత్తయి 6:8 చెబుతోంది. ఆయనకు తెలియజేయడానికి కాదు, మీరు ఆయన ముందు దాచకుండా ఉండడానికే చదవడం.

అంకె వేసేటప్పుడు సామెతలు 30:8 పక్కన పెట్టుకోండి. "పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము." ఆ "తగినంత" ఎంతో తేల్చుకోవడం కొందరికి కష్టం. అవసరమో ఆశో తెలియని వస్తువును పెన్సిల్‌తో రాసి మూడు రోజులు ఆగండి. పక్కింటి వాళ్ళది చూసి రాసినదైతే మూడో రోజుకు దాని మీద మోజు తగ్గిపోతుంది. అలాగే ఉంటే అప్పుడు పెన్నుతో రాయండి.

బేరం పెట్టకండి. "ఇది ఇస్తే అది చేస్తాను" అని అడగడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన మొక్కుబడి పద్ధతి. తండ్రి దగ్గర బిడ్డ అన్నానికి బేరం ఆడడు.

4. మీ వాటా పని ఆ రోజే చేయండి

"ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు" అని పౌలు రాశాడు (2 థెస్సలొనీకయులకు 3:10). ఈ వచనాన్ని సరిగ్గా చదవండి. పని చేయలేనివాని గురించి కాదు, చేయడానికి ఇష్టం లేనివాని గురించి. మంచం పట్టిన ముసలమ్మ మీద, నడుము విరిగిన కూలీ మీద ఈ వచనం విసిరేవాళ్ళను చూశాను. అది పాపం.

రూతును చూడండి. ఎవరి పొలమో తెలియకుండానే పరిగె ఏరడానికి బయలుదేరింది. శనక్కాయ పీకిన తర్వాత నేలలో మిగిలిన కాయలను మన ఆడవాళ్ళు ఏరుకుంటారు కదా, అలాంటి పనే అది. పొలం ఓరలు కోయకుండా బీదలకు వదలాలని లేవీయకాండము 19:9లో దేవుడే చట్టం పెట్టాడు. అందుకే రేషన్ తీసుకోవడం, ఉపాధి పనికి వెళ్ళడం, వితంతు పెన్షన్‌కు దరఖాస్తు పెట్టడం అవిశ్వాసమా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒక్కటే: కాదు. మీకు హక్కుగా వచ్చేదాన్ని తల ఎత్తుకుని తీసుకోండి, పుస్తకంలో దేవుడిచ్చిన లెక్కలోనే రాయండి. కనాను దేశపు పంట తిన్న మరునాడు మన్నా ఆగిపోయిందని యెహోషువ 5:12లో ఉంది. ఆకాశం నుంచి వచ్చినా, పొలం నుంచి వచ్చినా ఇచ్చినవాడు ఒక్కడే.

ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్ళేవాళ్ళు కూడా అడుగుతారు, ఊరు వదిలి పోవడం నమ్మకం లేకపోవడమా అని. కాదు. నయోమి కుటుంబం మోయాబుకు వెళ్ళింది, యాకోబు కొడుకులు ఐగుప్తుకు ధాన్యం కోసం వెళ్ళారు. వెళ్ళండి, పుస్తకం వెంట తీసుకెళ్ళండి. పిల్లల చదువు ఎవరి చేతిలో పెట్టి వెళ్తున్నారో మాత్రం బయలుదేరే ముందే "ఈ రోజు" గడిలో రాయండి.

5. ఒక మనిషికి చెప్పండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక ఏడాది రెండు నెలలు జీతం ఇవ్వలేదు. ఆ ఏడు మా చేనులో శనక్కాయ కూడా పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దేవుని మీద నమ్మకం లేనట్టు అనుకున్నాను. ఆదివారం సాక్ష్యంలో లేచి "దేవుడు మాకు ఏ కొదువా చేయలేదు" అని కూడా చెప్పాను. ఇంటికొచ్చి పిల్లలకు ఉప్పు వేసిన సంగటి పెట్టాను. ఒక ఆదివారం సండే స్కూల్లో మా చిన్నది టీచర్‌తో మాట్లాడుతూ నోరు జారింది. ఆ సాయంత్రం మా సంఘంలో ఒక పెద్దావిడ కొర్రబియ్యం, శనక్కాయలు, బెల్లం మూట కట్టుకుని వచ్చింది. మూట దించి నన్ను గట్టిగా కేకలేసింది. "దేవుడు నెల నుంచి నా చేత పంపించాలని చూస్తా ఉంటే, నువ్వు నోరు మూసుకొని నా చేయి కట్టేసినావు కదే!"

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో వినబడుతుంది. నాకు తెలియకుండానే నేను దేవునికి ఒక నియమం పెట్టాను: మనుషుల చేతుల మీదుగా ఇవ్వకూడదు అని. అది నమ్మకం కాదు, నా పరువు కోసం నేను పడిన తాపత్రయం.

"జార్జి ముల్లర్ ఎవరినీ అడగలేదు కదా" అని కొందరు అంటారు. నిజమే. 1836లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో అనాథ పిల్లల ఇల్లు మొదలుపెట్టి, అవసరాలను దేవునికి తప్ప మనుషులకు చెప్పకూడదని ఆయన నిర్ణయించుకున్నాడు. అది ఆయన పరిచర్యకు ఆయన పెట్టుకున్న నియమం. మీ పిల్లలను పస్తు పెట్టి మీరు పాటించాలని బైబిలు ఎక్కడా చెప్పలేదు. ఆయన దారి నచ్చినవాళ్ళు ఇంకో రెండు సంగతులు కూడా తీసుకోవాలి: ఆయన అప్పు చేసేవాడు కాదు, వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి ఏటేటా అచ్చు వేయించేవాడు. ముల్లర్‌ను అనుసరించాలంటే ముందు లెక్కల పుస్తకంతో మొదలుపెట్టండి.

అపొస్తలుల కార్యములు 6లో మొదటి సంఘంలో వచ్చిన గొడవ కూడా తిండి గురించే. కొందరు విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు వాళ్ళను "మీకు విశ్వాసం లేదు" అనలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు.

ఎలా చెప్పాలి? చుట్టూ తిప్పకుండా చెప్పండి. "అక్కా, మా ఇంట్లో శనివారం వరకే బియ్యం ఉన్నాయి. నాకోసం ప్రార్థన చెయ్యి. పని ఏదైనా తెలిస్తే చెప్పు." డబ్బు అడగాల్సిన అవసరం లేదు, దాచాల్సిన అవసరమూ లేదు.

సంఘంలో మాట బయటకు పొక్కుతుందని భయం ఉంటే, అయ్యగారి (పాస్టరుగారి) భార్యకు చెప్పండి. అక్కడా నమ్మకం లేకపోతే పక్క ఊరి సంఘంలో ఒకరిని చూసుకోండి. ఈ మాట వినే స్థానంలో మీరుంటే, "దేవుడు చూసుకుంటాడులే, ప్రార్థన చేస్తాం" అని పంపించకండి. యాకోబు 2:15, 16 సరిగ్గా ఆ మాట గురించే. ముందు వాళ్ళ ఇంటికి కేజీ బియ్యం పంపించి, తర్వాత మోకరించండి.

6. పిడికెడు తీసి పెట్టండి

డబ్బా ఇప్పుడు కావాలి. అన్నం వండేటప్పుడు ఎసట్లో వేసే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయండి. మన సంఘాల్లో పెద్దవాళ్ళు చేసిన పనే ఇది, కొత్తది కాదు. డబ్బా నిండాక మీకన్నా ఇబ్బందిలో ఉన్న ఇంటికి ఇవ్వండి. రెండు పూటలా గంజే తాగుతున్న ఇల్లయితే పిడికెడు వద్దు, నాలుగు గింజలు వేయండి. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి ఇచ్చిందే దేవునికి ఇష్టమని 2 కొరింథీ 8:12 చెబుతోంది. పౌలు అక్కడే మన్నా సంగతి మళ్ళీ తెస్తాడు: ఎక్కువ కూర్చినవానికి మిగల్లేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. "వెయ్యి విత్తండి, లక్ష కోస్తారు" అని టీవీలో, ఫోన్‌లో, పెద్ద పెద్ద సభల్లో చెప్పేవాళ్ళకు అప్పు చేసి పంపకండి. పొదుపు సంఘం కంతు డబ్బు, పిల్లల ఫీజు డబ్బు, మామ మందుల డబ్బు కానుకగా వేయకండి. తల్లిదండ్రులకు చేయాల్సింది "దేవార్పితం" అని ఎగ్గొట్టేవాళ్ళను యేసు మార్కు 7లో తీవ్రంగా ఖండించాడు. చెవి కమ్మలు కుదువపెట్టి కానుక పంపిన ఒక తల్లి నా ముందు కూర్చుని ఏడ్చింది. లక్ష రాలేదు, వడ్డీ మాత్రం నెలనెలా వచ్చింది.

7. రాత్రి పుస్తకం మూసేయండి

పడుకునే ముందు "ఎలా తీరింది" గడి నింపండి. నాలుగు రకాలుగా ఉండొచ్చు: పూర్తిగా తీరింది, సగం తీరింది, వేరే విధంగా తీరింది, తీరలేదు. ఉన్నదున్నట్టు రాయండి. దేవుని పరువు కాపాడాలని సగాన్ని పూర్తి అని రాయకండి. ఆయనకు మన అబద్ధం అవసరం లేదు.

"వేరే విధంగా" అనే గడిని తీరిక చేసుకుని నింపండి. మాత్రలకు డబ్బు అడిగితే డబ్బు రాకపోవచ్చు, ప్రభుత్వాసుపత్రిలో అవే మాత్రలు ఉచితంగా దొరకొచ్చు. రాయకపోతే అది జవాబని మీకు తట్టదు.

రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి దిగులు మొదలైతే, లైటు వేసి, ఆ దిగులును రేపటి పేజీలో ఒక్క వాక్యంగా రాసి పుస్తకం మూయండి. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని చెప్పుకుని పడుకోండి. రేపటి పేజీని ఇప్పుడే చదవడం మొదలుపెట్టొద్దు.

8. ఆరో రోజు రెండింతలు కూర్చుకోండి

"నేటికి మాత్రమే అడగాలంటే చీటీ వేయకూడదా, పంట బీమా కట్టకూడదా?" అని అడుగుతారు. అదే నిర్గమకాండము 16ను కిందికి చదవండి. ఆరో రోజు రెండింతలు కూర్చుకోమని దేవుడే చెప్పాడు, విశ్రాంతి దినానికి దాచిన ఆ మన్నాకు పురుగు పట్టలేదు. భయంతో దాచినది కుళ్ళింది, మాట విని దాచినది నిలిచింది. తెలిసిన ఖర్చుకు ముందుగా కూడబెట్టడం విధేయత. జూన్ వస్తుందని మనకు జనవరిలోనే తెలుసు. నవంబరులో పంట డబ్బు చేతికొచ్చినప్పుడే విత్తనానికీ ఫీజుకూ విడిగా తీసి పెట్టండి. బీమా గడువు తేదీని పుస్తకంలో రాసుకోండి.

అప్పు తప్పనిసరి అయితే సంతకం పెట్టే ముందు వడ్డీని రోజు లెక్కకు మార్చండి. నూటికి ఐదు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నెలకు 500, ఏడాదికి 6,000. రోజుకు 16 రూపాయలకు పైనే. రేపటి నుంచి ప్రతి పొద్దూ ఆ 16 రూపాయలు మీ "ఈ రోజు" గడిలో ముందే కూర్చుంటాయి. దాని తర్వాతే పిల్లల పాలు. పొదుపు సంఘంలో, బ్యాంకులో తక్కువ వడ్డీకి దొరికే దారి ఉంటే, కాస్త ఆలస్యమైనా ఆ దారే వెతకండి.

జవాబు రాకపోతే

రాని రోజులు ఉంటాయి. ఈ పద్ధతి పాటిస్తే అన్నీ వస్తాయని నేను మాట ఇవ్వడం లేదు. మన నేల కరువులు ఎరిగిన నేల. 1876–78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప, బళ్ళారి వైపు ఎంతమంది పోయారో పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ప్రార్థన చేసినవాళ్ళు కూడా అందులో ఉండే ఉంటారు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే. అది కూడా శనక్కాయ చెట్టుకు ఊడలు నేలలోకి దిగే వేళకు ముఖం చాటేస్తే పంట పోతుంది. అలాంటి ఇంటికి వెళ్ళి "నీకు విశ్వాసం తక్కువైంది" అనకండి. ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

అప్పుడు చేయాల్సింది: ఆ అవసరాన్ని కొట్టేయకుండా మరుసటి పేజీలోకి ఎత్తి రాయండి. మూడుసార్లు ఎత్తి రాశాక, మీరు నమ్మకం పెట్టుకున్న ఆ విశ్వాసితో కూర్చుని మూడు విషయాలు చూడండి. అడిగినది తగినంతేనా? నా వాటా పని చేశానా? ఇంకెవరికైనా చెప్పాల్సి ఉందా? మూడూ సరిగ్గానే ఉంటే, హబక్కూకు 3:17, 18 తీసి బిగ్గరగా చదవండి. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న మాటలవి. చదువుతూ ఏడుపొస్తే ఏడవండి. అదీ ప్రార్థనే.

ముప్ఫై రోజుల తర్వాత ఎలా చూసుకోవాలి

ఎంత డబ్బు వచ్చిందో లెక్కపెట్టకండి. కొన్ని నెలలు తక్కువే వస్తుంది. పుస్తకం ముందు పెట్టుకుని ఇవి చూడండి.

మొదటి వారం పేజీల్లో "ఈ రోజు" గడిలో ఎన్ని ఉన్నాయి, చివరి వారంలో ఎన్ని ఉన్నాయి? తగ్గుతుంటే నేటికీ రేపటికీ తేడా మీకు తెలుస్తోందన్నమాట.

"నా వాటా" గడి ఎన్ని రోజులు ఖాళీగా ఉంది? ఐదు రోజులకు మించితే 4వ మెట్టు మళ్ళీ చదవండి. ఆ గడి ప్రతిరోజూ పొంగిపొర్లుతూ, ఆదివారం కూడా మిషన్ ముందే కూర్చుంటున్నారంటే అది ఇంకో రకం అపనమ్మకం. ఒక రోజు ఆగండి.

మీ అవసరం తీర్చిన చేతులు ఎన్ని? పేర్లు లెక్కపెట్టండి. ఆ పేర్లు పెట్టి ప్రార్థన చేయండి. వాళ్ళ ఇళ్ళలో అవసరం వచ్చినప్పుడు మీ డబ్బా వెళ్ళిందా?

కొత్త వడ్డీ అప్పు ఏమైనా చేశారా? చేస్తే ఏ తేదీన, ఆ ముందు రోజు పేజీలో ఏం రాశారు? చాలాసార్లు ఆ పేజీ ఖాళీగా ఉంటుంది. రాయడం, అడగడం, చెప్పడం ఆగిపోయిన రోజునే అప్పులవాడి గడప తొక్కుతాం.

చివరగా పిల్లలను పిలిచి అడగండి: "ఈ నెలలో నేనూ మీ నాయనా డబ్బు గురించి ఎన్నిసార్లు అరుచుకున్నాం?" వాళ్ళు చెప్పిన అంకెతో వాదించకుండా పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి రాయండి. వచ్చే నెలాఖరున మళ్ళీ అడగండి.